సూత్రాన్ని నమ్మే ముందు ఏం అడగాలి, ఎలా అడగాలి

మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ అని అందరికీ నోటికి వచ్చు. ఎందుకని అడిగితే చాలామంది ఆగిపోతారు. జవాబు సరిగ్గా రాబట్టడం వేరు, అది ఎందుకు సరైనదో తెలియడం వేరు. ఈ రెండోది అలవాటు కావడానికి ఒక నోటుపుస్తకం, పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత చాలు.

గీతకు ఎడమవైపు నిరూపణలోని ఒక్కో మెట్టూ రాయండి. కుడివైపు ఆ మెట్టు ఎందుకు చెల్లుతుందో రాయండి. కుడివైపుకు నాలుగు రకాల కారణాలనే రానివ్వండి: నిర్వచనం, స్వీకృతం (నిరూపణ లేకుండానే ఒప్పుకున్న మాట), ఇంతకుముందే నిరూపించినది, లెక్కలో ఇచ్చిన దత్తాంశం. ‘చూస్తేనే తెలుస్తోంది’, ‘పుస్తకంలో ఉంది’ అని రాయాలనిపిస్తే అక్కడ ప్రశ్నార్థకం పెట్టండి. మైనస్ సంగతినే ఇలా రాసి చూద్దాం.

1 + (−1) = 0. కారణం: −1 నిర్వచనమే అది.
(−1) × [1 + (−1)] = 0. కారణం: దేన్నైనా సున్నతో గుణిస్తే సున్న.
(−1) × 1 + (−1) × (−1) = 0. కారణం: విభాగ న్యాయం, అంటే ఎ × (బి + సి) = ఎ × బి + ఎ × సి.
−1 + (−1) × (−1) = 0. కారణం: 1తో గుణిస్తే సంఖ్య మారదు.
రెండువైపులా 1 కలిపితే (−1) × (−1) = 1.

అంతా బాగానే ఉంది గానీ రెండో వరుస చూడండి. సున్నతో గుణిస్తే సున్న అని మనం ఎప్పుడు నిరూపించాం? అక్కడ ప్రశ్నార్థకం పడాల్సిందే. దాన్ని తీర్చడం కష్టమేమీ కాదు. 0 = 0 + 0 కాబట్టి, విభాగ న్యాయం ప్రకారం 5 × 0 = 5 × 0 + 5 × 0. రెండువైపులా ఒక 5 × 0 తీసేస్తే 0 = 5 × 0. ఐదు బదులు ఏ సంఖ్య పెట్టినా ఇదే నడక. అంటే మైనస్ సూత్రం ఎవరో పెట్టిన కట్టుబాటు కాదు. ఈ లెక్కలో జవాబు −1 కావాలని పట్టుబట్టేవాళ్లు విభాగ న్యాయాన్ని వదులుకోవాలి. అప్పులతో, దిశలతో చెప్పే పోలికలు గుర్తుపెట్టుకోవడానికి బాగుంటాయి, నిరూపణకు మాత్రం పనికిరావు.

ఇక ఉదాహరణల సంగతి. ఎన్ని సరిపోతే నమ్మొచ్చు? ఏదైనా సంఖ్య వర్గానికి ఆ సంఖ్యనే కలిపి, ఇంకో 41 కలపండి. సున్న నుంచి 39 వరకు ఏది పెట్టినా ప్రధాన సంఖ్యే వస్తుంది. వరుసగా నలభై సార్లు! 40 పెడితే 1681 వస్తుంది, అది 41 × 41. ఇక్కడ నేర్చుకోవాల్సిన కిటుకు ఒకటుంది. వరుసగా పెట్టుకుంటూ పోకుండా సూత్రాన్నే ముందు చూసినవాళ్లు నేరుగా 41 పెడతారు. అప్పుడు మూడు పదాలూ 41తో భాగించబడతాయి, లెక్క వేయకుండానే సూత్రం తప్పని తేలిపోతుంది. ప్రత్యుదాహరణ (సూత్రం తప్పని చూపే ఉదాహరణ) కోసం వెతికేటప్పుడు సూత్రంలో కనిపించే సంఖ్యల్ని, తర్వాత 0, 1, రుణ సంఖ్యలు, సున్నకీ ఒకటికీ మధ్య భిన్నాలను ముందుగా పట్టుకోండి. ‘వర్గం చేస్తే సంఖ్య పెరుగుతుంది’ అన్న మాట 1/2 దగ్గరే పడిపోతుంది.

చేత్తో చేసి చూడాలనుకుంటే ఒక పెద్ద వృత్తం గీయండి. దాని మీద బిందువులు పెట్టి, ప్రతి రెండింటినీ గీతతో కలపండి. వృత్తం లోపల ఎన్ని భాగాలయ్యాయో లెక్కపెట్టండి. ఒక బిందువుకు 1, తర్వాత 2, 4, 8, 16. ఆరో బిందువుకు 32 అనే అనిపిస్తుంది, కానీ 31 వస్తాయి. బిందువులు సమాన దూరంలో ఉంటే మూడు గీతలు కేంద్రంలో కలిసిపోయి 30 మాత్రమే వస్తాయి, అందుకని ఎడం సమానంగా లేకుండా పెట్టండి.

తప్పు నిరూపణలో తప్పు ఏ మెట్టులో ఉందో పట్టుకోవడానికి అక్షరాల స్థానంలో సంఖ్యలు పెట్టి చూడటమే దగ్గరి దారి. ఎ, బి సమానం అనుకుందాం. ఎ² = ఎ × బి. రెండువైపులా బి² తీసేస్తే (ఎ + బి)(ఎ − బి) = బి(ఎ − బి). (ఎ − బి) కొట్టేస్తే ఎ + బి = బి, అంటే 2 = 1. ఇప్పుడు ఎ, బి రెండింటికీ 1 పెట్టి వరుసగా చూడండి: 1 = 1, 0 = 0, ఆ వెంటనే 2 = 1. విరిగింది కొట్టివేత దగ్గర, ఎందుకంటే అక్కడ సున్నతో భాగించాం. ఒక సంఖ్య వర్గం ఆ సంఖ్యకు మూడింతలైతే అది 3 అని తేల్చేసి 0ను పోగొట్టుకునేదీ ఇలాగే.

వర్గం చేసినప్పుడు ఇందుకు భిన్నంగా జరుగుతుంది, లేని జవాబు వచ్చి చేరుతుంది. ఒక సంఖ్యకు 2 కలిపి వర్గమూలం తీస్తే ఆ సంఖ్యే వచ్చింది, అదేది? వర్గం చేసి సాధిస్తే 2, −1 వస్తాయి. −1కి 2 కలిపితే 1, దాని వర్గమూలం 1, −1 కాదు. ప్రతి మెట్టు పక్కనా ‘వెనక్కి వెళ్లొచ్చా?’ అని గుర్తు పెట్టుకోండి. వెళ్లలేని మెట్టు ఒక్కటున్నా, చివరి జవాబుల్ని మొదటి సమీకరణంలో పెట్టి సరిచూడటం తప్పనిసరి.

నిరూపించిన సిద్ధాంతాన్ని కూడా వదలొద్దు. అందులోని ఒక షరతు తీసేసి ఏమవుతుందో చూడండి. 2తోనూ 3తోనూ భాగించబడితే 6తో భాగించబడుతుంది. మరి 2తోనూ 4తోనూ భాగించబడితే 8తో? 12 దగ్గర చెల్లదు. మొదటిదాన్ని నిలబెట్టింది 2, 3లకు 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేకపోవడం.

స్వీకృతాలనూ అడగొచ్చు. త్రిభుజంలో కోణాల మొత్తం 180 డిగ్రీలన్నది సమాంతర రేఖల స్వీకృతం (రేఖ మీద లేని బిందువు గుండా దానికి ఒకే ఒక్క సమాంతర రేఖ గీయగలం) మీద ఆధారపడిన మాట. గ్లోబు మీద భూమధ్యరేఖనూ, 90 డిగ్రీల ఎడంతో ఉన్న రెండు రేఖాంశాలనూ తీసుకోండి. ధ్రువం దగ్గర కలిసే ఆ త్రిభుజంలో మూడూ లంబకోణాలే, మొత్తం 270. ఆ స్వీకృతాన్ని పక్కనపెట్టి గణితవేత్తలు లోబచెవ్‌స్కీ 1829లో, బొయాయ్ 1832లో ప్రచురించిన జ్యామితిలోనైతే ఆ మొత్తం 180 కన్నా తక్కువ.

చివరికి తీరని ప్రశ్నార్థకాలు కొన్ని మిగులుతాయి. వాటిని ఉపాధ్యాయుడి దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు ‘ఇది అర్థం కాలేదండీ’ అంటే పాఠం మొత్తం మళ్లీ మొదలవుతుంది. పేజీ చూపించి, ‘నాలుగో వరుసలో దీనితో భాగించారు కదండీ, ఇది సున్న కాదని మనకు ఏ వరుసలో తెలిసింది?’ అని అడగండి.