ఆటోమేటిక్ కారు: గేర్‌బాక్స్ ఆయిల్ మార్చాల్సింది ఎప్పుడు, మార్చినా లాభం లేనిది ఎప్పుడు

ఆటోమేటిక్ కారులో ఏ చిన్న జర్క్ వచ్చినా "గేర్ ఆయిల్ మార్చేద్దాం సార్" అంటాడు బయటి మెకానిక్. షోరూమ్‌లో అడిగితే "అది లైఫ్‌టైమ్ ఆయిల్, ముట్టుకోనక్కర్లేదు" అంటారు. ఈ రెండు మాటలూ గుడ్డిగా నమ్మకండి. కారు చూపించే లక్షణాన్ని బట్టి చాలావరకు మనమే తేల్చుకోవచ్చు.

ముందు మీది ఏ రకం గేర్‌బాక్సో చూసుకోండి. ఏఎంటీ అయితే లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేర్ వేయడం మన బదులు యాక్చువేటర్ చేస్తుంది. గేరు మారేటప్పుడు కాస్త ఊపు రావడం దాని సహజ గుణం. ఊపు రోజురోజుకీ పెరుగుతుంటే మాత్రం ముందు క్లచ్ చూపించండి. సీవీటీ (బెల్టుతో నడిచేది), డీసీటీ (రెండు క్లచ్‌లు ఉన్నది) గేర్‌బాక్సులకు వాటి ఆయిల్ వాటికి వేరే ఉంటుంది. సీవీటీలో మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పోశారంటే బెల్టుకు ఎసరు పెట్టినట్టే. కింద చెప్పేవి ముఖ్యంగా టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉన్న ఆటోమేటిక్‌ల గురించి.

డి లో వేశాక ఆలస్యంగా కదులుతోంది

పొద్దున్నే స్టార్ట్ చేసి పి నుంచి డి లోకో, ఆర్ లోకో వేస్తే రెండు మూడు సెకన్లు ఏమీ జరగదు, తర్వాత ధబ్బుమని పడుతుంది. ఎక్కువసార్లు కారణం ఆయిల్ లెవల్ తగ్గడమే. గేరు పట్టించేది ఆయిల్ ప్రెషరే కాబట్టి, ఆయిల్ తక్కువైతే ప్రెషర్ రావడానికి టైమ్ పడుతుంది. ఇంజిన్ ఆయిల్‌లా ఇది కాలి తరిగిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే అర్థం. కారు నిలిపిన చోట నేల మీద ఎర్రటి మరకలు ఉన్నాయేమో చూడండి. గేర్ ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ పైపుల జాయింట్లు, యాక్సిల్ సీళ్లు, కింది పాన్ గాస్కెట్ కూడా చూపించండి. ముందు లీకు ఆపి, తర్వాతే ఆయిల్ పోయించాలి.

లెవల్ చూసే పద్ధతి కారు కారుకీ మారుతుంది. డిప్‌స్టిక్ ఉన్న చాలా కార్లలో బండి వేడెక్కాక, సమతలం మీద, ఇంజిన్ ఆన్‌లో ఉండగానే చూడాలి. కొన్నింటిలో ఆఫ్ చేసి చూడాలి. కొత్త కార్లలో చాలావాటికి అసలు డిప్‌స్టిక్కే లేదు. లిఫ్ట్ మీద ఎక్కించి, ఆయిల్ చెప్పిన టెంపరేచర్‌కు వచ్చాక ప్లగ్ విప్పి చూస్తారు. అది ఇంట్లో చేసే పని కాదు. ఎక్కువ పోసినా నురగ కట్టి మళ్లీ ఇవే తిప్పలు.

60-70 స్పీడులో సన్నగా వణుకు

ఔటర్ రింగ్ రోడ్డు మీద నిలకడగా వెళ్తూ యాక్సిలరేటర్ కొంచెం నొక్కారు. రోడ్డు మీది గరుకు పట్టీల మీద ఎక్కినట్టు ఒకట్రెండు సెకన్లు బండి వణికి ఆగిపోయింది. నిలకడ వేగంలో ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌తో నేరుగా కలిపే టార్క్ కన్వర్టర్ లాకప్ క్లచ్ సరిగ్గా పట్టలేక అలా వణుకుతుంది. ఆయిల్‌లో ఉండే ఘర్షణను అదుపు చేసే రసాయనాలు అరిగిపోతే వచ్చే లక్షణం ఇది.

ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు, వణుకు వస్తుండగా యాక్సిలరేటర్ అలాగే ఉంచి బ్రేకును లైట్లు వెలిగేంత మాత్రమే తాకి చూడండి. చాలా కార్లలో బ్రేకు తాకగానే లాకప్ వదిలేస్తుంది. వణుకు వెంటనే ఆగితే అనుమానం ఇటే. ఆగకపోతే టైర్లు, స్పార్క్ ప్లగ్, కాయిల్ చూడాలి.

ఆయిల్ మార్చిన డబ్బులకు ఫలితం కనిపించే కేసు ఇదే. అయితే డ్రెయిన్ ప్లగ్ విప్పితే దిగేది మొత్తం ఆయిల్‌లో సుమారు మూడో వంతు నుంచి సగం. మిగతాది కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో ఉండిపోతుంది. అందుకే మధ్యలో కొన్ని వందల కిలోమీటర్లు నడిపి, రెండు మూడు విడతల్లో మార్చించడం మేలు. ఆయిల్ గ్రేడ్ మాత్రం కారుతో ఇచ్చిన మాన్యువల్ పుస్తకంలో ఉన్నదే ఉండాలి.

రేస్ పెరుగుతోంది, స్పీడు పెరగట్లేదు

ఓవర్‌టేక్ చేద్దామని నొక్కితే ఇంజిన్ గోల పెడుతుంది, బండి మాత్రం కదలదు. ఇది స్లిప్. ఒక చుక్క ఆయిల్ తెల్లటి టిష్యూ మీద వేసి చూడండి. ఎరుపు రంగు ఏటీఎఫ్ అయితే గోధుమ రంగుకు తిరగడం కంగారు పడాల్సింది కాదు, మార్చే సమయం దగ్గరపడిందని మాత్రమే. నల్లగా ఉండి మాడు వాసన వస్తే క్లచ్ ప్లేట్లు కాలినట్టు. అరిగిన ప్లేట్లు కొత్త ఆయిల్‌తో తిరిగి రావు. "ఆయిల్ మార్చాకే గేర్‌బాక్స్ పోయింది" అనేవాళ్లలో చాలామంది కార్లు అప్పటికే ఈ స్థితిలో ఉన్నవే. ఈ దశలో మెషిన్‌తో పాత ఆయిల్ మొత్తం తోసేసే ఫ్లష్ వద్దు. కారు కంప్యూటర్‌ను స్కాన్ చేయించి, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ విప్పడం తెలిసినవాళ్లకే చూపించండి.

ఆయిల్ స్ట్రాబెర్రీ మిల్క్ రంగులో ఉంటే రేడియేటర్‌లోని కూలర్ పగిలి కూలెంట్ కలిసింది. ఇక నడపకుండా టోయింగ్ పిలవండి.

ఏటవాలు మీద పి నుంచి గేర్ లివర్ బిగుసుకుని, లాగితే టక్కున బయటికి వస్తుందా? దానికి ఆయిల్‌తో సంబంధం లేదు. హ్యాండ్‌బ్రేక్ వేశాక పి లో పెట్టండి, చాలు.

ఏ లక్షణమూ లేకపోతే?

బీఎండబ్ల్యూ వంటి కార్లకు గేర్‌బాక్సులు చేసే జడ్‌ఎఫ్ కంపెనీయే తన ఆటోమేటిక్‌లకు 80,000-1,20,000 కిలోమీటర్లు లేదా 8 ఏళ్లకు ఆయిల్ మార్చమంటుంది. లైఫ్‌టైమ్ అన్న మాటకు నేనిచ్చే విలువ అంతే. హైదరాబాద్ ట్రాఫిక్, మన ఎండలు, తిరుమల ఘాట్ ఎక్కడాలు ఉన్న కారుకైతే 60,000 దగ్గరే మార్చించమంటాను. మాన్యువల్ పుస్తకంలో 'సివియర్ కండిషన్స్' (కఠిన పరిస్థితులు) పట్టిక ఇంకా తక్కువ చెబితే అదే పాటించండి.

పాన్ విప్పే రకమైతే విప్పించి, లోపలి అయస్కాంతం చూపించమనండి. బూడిద రంగు సన్నటి పేస్టు మామూలే. చేతికి గుచ్చుకునే ఇనప ముక్కలు కనిపిస్తే ఆయిల్ పోయడం ఆపి, ముందు గేర్‌బాక్స్ సంగతి తేల్చుకోండి.