వాలు మట్టిని ఆపే గోడ: లెక్క సరిచేసిన నా అనుభవం

శృంగవరపుకోట దగ్గర కొండవాలులో బేస్‌తో కలిపి 4 మీటర్ల రిటైనింగ్ వాల్. చేతికొచ్చిన డిజైన్‌లో వెనక మట్టి చదునుగా ఉన్నట్టు కేఏ (మట్టి గోడను ఎంత తోస్తుందో చెప్పే గుణకం) 0.333 వేశారు. సైట్‌లో చూస్తే మట్టి గోడ తల నుంచే 20 డిగ్రీల వాలుతో పైకి పోతోంది. మట్టి రేణువుల మధ్య పట్టును చెప్పే ఘర్షణ కోణం 30 డిగ్రీలకు, వాలు మట్టి ఒత్తిడికి వాడే ర్యాంకిన్ సూత్రంలో వేస్తే కేఏ 0.414 వచ్చింది.

అసలు దెబ్బ ఎత్తు దగ్గరుంది. ఒత్తిడి చూడాల్సింది హీల్ (బేస్‌లో వెనక మట్టి కిందికి సాగిన భాగం) చివరి నిలువు తలం మీద. హీల్ 2 మీటర్లు కాబట్టి అక్కడ మట్టి ఎత్తు 4.73 మీటర్లు, పైగా తోపుడు లెక్కలో దాన్ని వర్గం చేయాలి. ఘనపు మీటరుకు 18 కిలోన్యూటన్ల మట్టితో, మీటరు పొడవుకు 48 కిలోన్యూటన్ల తోపుడు కాస్తా 83 అయింది! అది వాలుకు సమాంతరం కాబట్టి అడ్డంగా తోసేది 78.

వానలకు నీరు నిలవకుండా గోడలోని నీరు పోయే గొట్టాల వెనక కంకర పోయించాం. గోడ బోర్లా పడే భయం లేదు గానీ జారకుండా ఆపే బలమే చాలలేదు. బేస్ కింద కీ (నేలలోకి దిగే కాంక్రీట్ అడ్డు) దింపాక అదీ కుదిరింది.