కమోడ్ అడుగు సీలు మార్చాలో లేదో తెలుసుకోవడం ఎలా?

కమోడ్ చుట్టూ నేల తడిగా కనిపిస్తే చాలామంది తుడిచి ఊరుకుంటారు. మర్నాడు మళ్లీ అదే తడి. అప్పుడు కొందరు ఎవరో నీళ్లు ఒలకబోశారని సరిపెట్టుకుంటారు, మరికొందరు కంగారుపడి కమోడ్‌నే విప్పించేస్తారు. రెండూ నష్టమే. ఆ తడి ఎప్పుడు వస్తోందో ఒక్కపూట గమనిస్తే సీలు పోయిందో లేదో చాలావరకు తేలిపోతుంది.

ముందు ఆ సీలు ఎక్కడుంటుందో చూద్దాం. నేల కింది నుంచి వచ్చే మురుగు పైపు చివర ఫ్లాంజ్ అనే గుండ్రని పళ్లెం లాంటి కట్టు ఉంటుంది. దానికీ కమోడ్ అడుగున ఉన్న మూతికీ మధ్య మెత్తని మైనపు రింగు పెడతారు. కమోడ్ బరువుకు అది నలిగి సందులన్నీ పూడుస్తుంది. కొన్నిచోట్ల మైనానికి బదులు రబ్బరు రింగు వాడతారు. కమోడ్ కదలకుండా ఉంటే మైనపు రింగు 20, 30 ఏళ్లు కూడా పనిచేయగలదు. అయితే ఒకసారి నలిగిన మైనం మళ్లీ పైకి పొంగదు. కమోడ్ కాస్త ఊగి సందు ఏర్పడితే ఆ సందు అలాగే ఉండిపోతుంది. అందుకే రింగు వయసు కంటే కమోడ్ కదలికే పెద్ద అనుమానం.

ఇంకొక్క విషయం తెలిస్తే మిగతాదంతా సులువు. గిన్నెలో ఎప్పుడూ కనిపించే నీరు కమోడ్ లోపలి వంపులో నిలిచి ఉంటుంది. సీలు ఆ వంపు దాటిన తర్వాత ఉంటుంది. కాబట్టి ఫ్లష్ చేసినప్పుడో, గిన్నెలో నీళ్లు పోసినప్పుడో మాత్రమే సీలు దగ్గరికి నీరు చేరుతుంది. ఎవరూ వాడకుండానే నేల తడుస్తుంటే ముందుగా వెతకాల్సింది ట్యాంకు వైపు.

మొదటి పని: పూర్తిగా ఆరబెట్టండి

చేతి తొడుగులు వేసుకోండి, కారుతున్నది మురుగునీరు కావచ్చు. నేల, కమోడ్ వెలుపలి భాగం, ట్యాంకు అడుగు, పైపులు అన్నీ పొడిగుడ్డతో తుడవండి. కొన్ని గంటలు వాడకుండా వదిలేయండి. కమోడ్ పాదం కింద ఇరుక్కున్న పాత నీరు మెల్లగా బయటికి ఊరుతుంటుంది, అందుకే తొందరపడకూడదు. బాగా ఆరాక కమోడ్ పాదం చుట్టూ టిష్యూ కాగితాలు పరవండి. నీటి వాల్వు కింద ఒకటి, ట్యాంకు కింద ఒకటి విడిగా పెట్టండి.

రెండో పని: ఫ్లష్ చేయకుండా ఆగండి

ట్యాంకు నీటిలో వంటల్లో వేసే రంగు కాస్త కలిపి గంటా రెండు గంటలు వేచి చూడండి. ఏదైనా కాగితం తడిసిందేమో పరిశీలించండి. వాల్వు కింద తడి ఉంటే పైపు నట్టులో లోపం. ట్యాంకు కింద రంగు నీరు కనిపిస్తే ట్యాంకు బోల్టుల వాషర్లు అరిగి ఉండవచ్చు. ట్యాంకు ఒంటిపై రంగులేని చెమట బిందువులుంటే అవి గాలిలోని తేమ చల్లటి పింగాణీపై నీరుగా మారినవి. ఈ మూడింటిలో ఏదైనా పాదం దగ్గర మడుగు కట్టి సీలుపై నింద వేయించగలదు. ఫ్లష్ చేయకముందే గిన్నె నీటిలో రంగు కనిపిస్తే ట్యాంకు లోపలి మూత సరిగా మూసుకోవడం లేదు. ముందు దాన్ని బాగు చేయించండి, లేకపోతే గిన్నెలోకి నీరు నిరంతరం కారుతూ పరీక్షను తారుమారు చేస్తుంది.

మూడో పని: ఇప్పుడు ఫ్లష్ చేయండి

ట్యాంకు ప్రతిసారీ నిండనిస్తూ ఐదారు సార్లు ఫ్లష్ చేయండి. వాల్వు, ట్యాంకుల కింది కాగితాలు పొడిగానే ఉండి పాదం చుట్టూ ఉన్నవి తడిస్తే అనుమానం సీలు మీదికే వస్తుంది. ఒక్క మినహాయింపు ఉంది. వాడకపోయినా గిన్నెలో నీటి మట్టం తగ్గిపోతుంటే కమోడ్‌కే పగులు ఉండవచ్చు, అప్పుడు సీలు మార్చినా ప్రయోజనం లేదు. అలాగే ఫ్లష్ చేసిన నీరు పైకి ఎగదన్ని, అప్పుడు మాత్రమే పాదం దగ్గర కారితే ముందు పైపు అడ్డంకి తీయించండి. అడ్డంకి తీసే రబ్బరు పంపుతో (ప్లంజర్) మరీ బలంగా పొడిస్తే ఆ ఒత్తిడికి బాగున్న మైనం కూడా జరిగిపోవచ్చు.

నాలుగో పని: కదిపి చూడండి

గిన్నెను రెండు చేతులతో పట్టుకుని పక్కలకు మెల్లగా కదపండి. కొద్దిగా ఊగినా సరే, వదిలేయకండి. పాదం దగ్గరి నట్లను ఒకటి కాస్త, ఇంకొకటి కాస్త చొప్పున మార్చి మార్చి బిగించండి. బలమంతా పెట్టి తిప్పితే పింగాణీ పగులుతుంది. బిగించాక కమోడ్ ఊగడం ఆగినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. విడిపోయిన మైనం తిరిగి అతుక్కోదు, కాబట్టి కాగితాల పరీక్ష మళ్లీ చేయాల్సిందే.

ఐదో పని: వాసన

నీరు కారకుండా మురుగు వాయువు మాత్రమే తప్పించుకునే సందులూ ఉంటాయి. ఆ వాసనకు ముక్కు త్వరగా అలవాటుపడుతుంది, కనుక బయటి నుంచి వచ్చినవారిని పాదం దగ్గర వాసన చూడమనండి. అయితే అంతకుముందు నేలలోని నీటి జాలీలో ఒక చెంబు నీళ్లు పోయండి. ఎక్కువకాలం వాడని జాలీ కింద నిలిచి ఉండే నీరు ఎండిపోయినా ఇదే దుర్వాసన వస్తుంది. మర్నాటికి కూడా వాసన పోకపోతే సీలును చూపించండి.

నేల కూడా సాక్ష్యం చెబుతుంది. పలకల మధ్య సిమెంటు నల్లబడటం, కమోడ్ పక్క పలక కదలడం, చెక్క నేలైతే కాలి కింద మెత్తగా అనిపించడం, కింది అంతస్తు పైకప్పుపై మరక కనిపించడం వంటివి గమనించండి. పాదం చుట్టూ సిలికాన్ పూసిన ఇళ్లలో కొన్నిసార్లు ఆ పైకప్పు మరకే మొదటి గుర్తు. దయచేసి కారుతున్న కమోడ్‌కు సిలికాన్ పూయించి ఊరుకోకండి. నీరు ఆగదు, కనిపించకుండా కిందికి ఇంకుతుంది, అంతే.

సీలే పోయిందని తేలితే మార్చేదాకా ఆ కమోడ్ వాడకండి. తడిసిన చోటు శుభ్రం చేసేటప్పుడు బ్లీచింగ్ ద్రావణాన్ని యాసిడ్‌తో కలపవద్దు, విషవాయువు పుడుతుంది. కమోడ్ ఎత్తిన ప్రతిసారీ కొత్త మైనపు రింగు వేయాలి, పాతది పనికిరాదు. ఎత్తినప్పుడు ఫ్లాంజ్‌ను కూడా చూడమని ప్లంబర్‌కు గట్టిగా చెప్పండి. అది పగలకూడదు, పూర్తయిన నేల కంటే దాదాపు 6 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటే మంచిది. పాత నేలపై కొత్త పలకలు వేసిన ఇళ్లలో ఫ్లాంజ్ లోతులో పడిపోయి ఉంటుంది. అప్పుడు దాని ఎత్తు పెంచాలి, లేదా మందమైన రింగు వేయాలి. పని ముగిశాక కాగితాలు మళ్లీ పరిచి రెండు రోజులు చూడండి. అవి పొడిగా ఉన్నాకే సిలికాన్ పూయించండి, అదీ వెనుకవైపు కొంత ఖాళీ వదిలి.