మొరాయించిన హార్డ్ డిస్క్‌ని మళ్లీ నమ్మొచ్చా? తేల్చుకోవడం ఎలా?

విజయనగరం గంటస్తంభం దగ్గర మా బావకి ఫొటో స్టూడియో ఉంది. మాఘమాసం పెళ్లిళ్ల హడావిడి తగ్గిన వారం ఫోన్ చేశాడు. "ఏట్రా ఈ డిస్కు, ఒక్క ఫోల్డర్ తెరవడానికి ఐదు నిమిషాలు తీసుకుంటోంది. ఓసారి వస్తోంది, ఓసారి రావట్లేదు. పడేయాలా, వాడుకోవచ్చా?"

అది తర్వాత అడగాల్సిన ప్రశ్న. ముందు అడగాల్సింది, అందులో ఉన్నది ఇంకెక్కడైనా ఉందా అని. బావ దగ్గర లేదు. ఇంకా ఆల్బమ్ ఇవ్వని రెండు పెళ్లిళ్లు అందులోనే ఉన్నాయి.

ముందు చెవి పెట్టి వినండి

డిస్కు తిరుగుతున్న సన్నటి గాలి శబ్దం మామూలే. లయగా టక్... టక్... టక్ అని కొట్టుకుని ఆగిపోతుంటే మాత్రం వెంటనే కరెంటు తీసేయండి. డేటా చదివే లోపలి హెడ్ తన దారి తాను కనుక్కోలేకపోతోందని అర్థం. మళ్లీ మళ్లీ ఆన్ చేసిన కొద్దీ డేటా దాచే పళ్లెం మీద గీతలు పడొచ్చు. అలాంటి డిస్కుకి కింద చెప్పేవేవీ పనికిరావు. డేటా విలువైనదైతే క్లీన్ రూమ్ (దుమ్ము లేని గది) ఉన్న డేటా రికవరీ వాళ్లకే ఇవ్వాలి. మామూలు రిపేరు షాపులో మూత తీయించకండి. హెడ్‌కీ పళ్లేనికీ మధ్య ఉండే సందు కొన్ని నానోమీటర్లే, దుమ్ము రేణువు దానికి బండరాయితో సమానం. ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మన తీరప్రాంతపు ఉక్కలో ఫ్రిజ్‌లోంచి తీసిన ఇనుముకి ఏం పడుతుందో స్టీలు చెంబుని చూస్తే తెలుస్తుంది.

బావ డిస్కులో టక్కులు లేవు, నత్తనడకే.

పరీక్షలకన్నా ముందు కాపీ

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. డిస్కు బాగుందో లేదో చూద్దామని ముందుగా విండోస్ చెక్‌డిస్క్‌ని బ్యాడ్ సెక్టార్లు (పళ్లెం మీద డేటా రాసే చిన్న గడుల్లో పాడైనవి) వెతికే ఆప్షన్‌తో నడిపేస్తారు. అది పళ్లెం మొత్తం చదివిస్తుంది, పైగా ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే చిట్టాలో (ఫైల్ సిస్టమ్) మార్పులు చేస్తుంది. ఆయాసపడుతున్న మనిషిని మెట్లెక్కించి బీపీ చూసినట్టు ఉంటుంది.

మళ్లీ దొరకనివి ముందు కాపీ చేయండి. బావకైతే ఆల్బమ్ ఇవ్వని పెళ్లిళ్లు, తర్వాత ఇచ్చేసినవి, చివర్లో సినిమాలు. ఏదైనా ఫైలు దగ్గర ఆగిపోతే దాన్ని వదిలేసి ముందుకెళ్లండి. ఆరోగ్యంగా ఉన్న 1 టీబీ డిస్కు సెకనుకి 100 ఎంబీ చొప్పున దాదాపు మూడు గంటల్లో ఖాళీ అవుతుంది. జబ్బు డిస్కు రోజంతా తీసుకోవచ్చు.

అడుగడుక్కీ ఆగుతుంటే కంప్యూటర్‌ని విండోస్‌తో కాకుండా లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేసి, డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రామ్ వాడండి. అది తేలిగ్గా చదవగలిగినచోట్లన్నీ ముందు లాగేసి, మొరాయించిన వాటి దగ్గరికి తర్వాత వస్తుంది. ఎంతవరకు అయిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మొదటికి రాదు. కరెంటు కోతల మధ్య పనిచేసేవాళ్లకి ఇది పెద్ద వరం. ఏది పాత డిస్కు, ఏది కొత్తదో సైజు చూసి రెండుసార్లు నిర్ధారించుకోండి. అవి తారుమారైతే ఉన్నది కూడా పోతుంది.

ఒక కాపీ వేరే ఊళ్లో పెట్టండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ చుట్టుపక్కల ఇళ్ల కప్పులే లేచిపోయాయి. బీరువాలో పక్కపక్కన పెట్టిన రెండు డిస్కులని ఒక్క కాపీగానే లెక్కపెట్టుకోవాలి. బావ రెండో కాపీ ఇప్పుడు శ్రీకాకుళంలో మా చిన్నక్కవాళ్లింట్లో ఉంది.

ఇప్పుడు అంకెలు చూడండి

ప్రతి డిస్కూ తన ఆరోగ్యం లెక్క తానే రాసుకుంటుంది. దాన్ని స్మార్ట్ అంటారు. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో చూడొచ్చు. చూడాల్సిన వరుసలు ముఖ్యంగా నాలుగు. 05 అంటే పాడై, బదులుగా వేరేచోటు కేటాయించిన సెక్టార్లు. సి5 అంటే చదవడం కుదరక తీర్పు కోసం ఆగి ఉన్నవి. సి6 పరీక్షలో కూడా చదవలేకపోయినవి. సి7 మాత్రం పళ్లేనికి సంబంధించింది కాదు, చాలాసార్లు కేబుల్ గొడవ. కేబుల్ మార్చాక సి7 పెరగడం ఆగిపోతే ఆ విషయం మర్చిపోవచ్చు.

ఒక చిక్కుంది. ఆ ప్రోగ్రామ్ రా వాల్యూలని (అసలు అంకెలని) మామూలుగా హెక్స్ లెక్కలో, అంటే పదికి బదులు పదహారుతో లెక్కపెట్టి చూపిస్తుంది. బావ డిస్కు సి5లో చివర 18 అని కనిపించింది, అసలు లెక్క 24. సెట్టింగ్స్‌లో డెసిమల్‌కి మార్చుకోండి. సీగేట్ డిస్కుల్లో 01, 07 వరుసల్లో కోట్లలో అంకెలు కనబడితే టెన్షన్ పడొద్దు, అవి పూర్తిగా ఎర్రర్ల లెక్క కాదు.

సి5ని నిలదీయడం

అసలు నమ్మకం తేలేది ఇక్కడే. సి5లో ఉన్న సెక్టార్ రెండు రకాలుగా అక్కడికి చేరుతుంది. పళ్లెం నిజంగా పాడై ఉండొచ్చు. లేదా రాస్తుండగా ఠక్కున కరెంటు పోయి సగం రాతతో మిగిలి ఉండొచ్చు. రెండోదైతే చోటు మంచిదే, రాత తప్పు. చదివి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, మళ్లీ రాస్తేనే తేడా బయటపడుతుంది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిన స్టూడియో కాబట్టి నా అనుమానం రెండోదాని మీదే.

కాపీలు తెరిచి చూసుకున్నాకే ఇది చేయండి, ఎందుకంటే ఉన్నదంతా పోతుంది. ఫార్మాట్ చేసేటప్పుడు 'క్విక్ ఫార్మాట్' టిక్కు తీసేయండి. డిస్కంతా సున్నాలు రాస్తుంది, గంటలు పడుతుంది. తర్వాత సి5 సున్నాకి వచ్చి 05 కదలకపోతే అది కరెంటు చేసిన పనే కావచ్చు. సి5 తగ్గి 05 పెరిగితే పళ్లెం కొంత పోయినట్టే. సి5 తగ్గకపోయినా, ఫార్మాట్ మధ్యలోనే ఆగిపోయినా ఆ డిస్కు పని అయిపోయింది.

బావ డిస్కులో సి5 సున్నా అయింది, 05 సున్నా నుంచి 8కి వచ్చింది. అంటే నా అనుమానం పూర్తిగా నిజం కాలేదు.

తీర్పు

2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కులను గమనించి ఒక పేపర్ రాశారు. తన పళ్లేన్ని తానే తనిఖీ చేసుకుంటుండగా మొదటి తప్పు (స్కాన్ ఎర్రర్) దొరికిన డిస్కు తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం, అలాంటి ఎర్రర్ లేనివాటికన్నా 39 రెట్లు ఎక్కువని తేలింది. అలాగని అంకెలు శుభ్రంగా ఉంటే భరోసా కూడా లేదు. పోయిన డిస్కుల్లో సగానికి పైగా వాళ్లు ముఖ్యమని ఎంచిన నాలుగు స్మార్ట్ సూచనల్లో ఒక్కటీ చూపించలేదని అదే పేపర్‌లో ఉంది.

అందుకని నేను అంకె ఎంతుందన్నదానికన్నా అది కదులుతోందా లేదా అన్నదే చూస్తాను. వారంటీ ఉంటే అసలు ఈ తర్జనభర్జన వద్దు, మార్పించుకోండి. లేకపోతే డిస్కు మీద ఒక టేపు ముక్క అతికించి, తేదీ, 05, సి5 రాయండి. రెండు వారాలకోసారి మళ్లీ చూడండి. ఈలోగా పోయినా ఏడవనక్కర్లేని వాటికే దాన్ని వాడండి. బావ అందులో పాటలు పెట్టుకున్నాడు.

ఆ టేపు మీద మూడు తేదీల పక్కన 8, 8, 8 అని ఉంది. నాలుగోసారి 16. ఆ సాయంత్రమే స్క్రూలు విప్పేశాం. లోపలి అయస్కాంతాలు రెండూ ఇప్పుడు స్టూడియో బీరువాకి కరెంటు బిల్లుని పట్టుకుని ఉన్నాయి. పక్కనే కొత్త యూపీఎస్ బిల్లు.