కోనసీమలో ఒక రోజు సైకిల్ చుట్టు: గాలిని, ఏటిని చూసి దారి ఎలా వేసుకోవాలి?

గోదావరి డెల్టాలో కొండెక్కే పని లేదు. వంతెనల దగ్గర తప్ప గేరు దించాల్సిన అవసరం రాదు. అందుకే చాలామంది దూరం ఒక్కటే లెక్కేసుకుని బయల్దేరతారు. తీరా పన్నెండింటికి సముద్రం వైపు తిరిగేసరికి ఎదురుగాలికి కాళ్లు లాగేస్తాయి. ఇక్కడ కొండ ఏదైనా ఉందంటే అది గాలే. రెండోది ఏరు. అవతలి ఊరు కంటికి కనిపిస్తూనే ఉంటుంది గానీ, వంతెన ఎక్కడుంటే అక్కడికి పోవాల్సిందే. ఈ రెండూ చూసుకుని గీస్తే 70–80 కిలోమీటర్ల చుట్టు కూడా హాయిగా సాగుతుంది.

1. ముందు నెల, తర్వాత రోజు

డిసెంబరు నుంచి ఫిబ్రవరి సగం దాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయం. జులై నుంచి సెప్టెంబరు దాకా వరదొస్తే లంకల్లో రోడ్లు మునుగుతాయి, నీరు తీశాక కూడా ఒండ్రు సబ్బులా జారుతుంది. ఏప్రిల్ చివర కాలువలు కట్టేస్తారు. నీళ్లు లేని కాలువల పక్కన, ఎండలో ఈ దారికి అందం ఉండదు.

సంక్రాంతి మూడు రోజులూ వద్దు. ముఖ్యంగా కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం, అంబాజీపేట వైపు రోడ్లన్నీ జనమే. అప్పనపల్లి బాలబాలాజీ గుడికి శనివారం రద్దీ ఎక్కువ కాబట్టి వారం మధ్యలో ఒక రోజు చూసుకోండి.

2. ఏరు దాటే చోట్లు గుర్తుపెట్టి, వాటి మధ్య దారి గీయండి

మ్యాప్‌లో మొదట ఊళ్లు కాదు, వంతెనలు చూడాలి. అమలాపురం నుంచి మొదలుపెడితే వైనతేయ పాయను రెండు చోట్ల దాటే చుట్టు చక్కగా కుదురుతుంది: అమలాపురం, అంబాజీపేట, పి.గన్నవరం, అక్విడెక్టు (నది మీదుగా కాలువను దాటించే కట్టడం), అక్కణ్నుంచి ఏటి పడమటి ఒడ్డున మామిడికుదురు, అప్పనపల్లి, పాశర్లపూడి, మళ్లీ వంతెన మీదుగా బోడసకుర్రు, బెండమూర్లంక, ఓడలరేవు, అల్లవరం, అమలాపురం.

ఇదే చుట్టును తిరగేసి తొక్కకండి. శీతాకాలంలో పొద్దున్న వీచే పిల్లగాలి ఈశాన్యం నుంచి వస్తుంది, దిగువకు వెళ్లేవాళ్లకు అది వెన్నుగాలి. పదకొండు ప్రాంతంలో నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రపు గాలి లోపలికి తోసుకొస్తుంది. అప్పటికి మీరు ఓడలరేవులో ఉంటే, తిరుగు ప్రయాణంలో ఆ గాలే మిమ్మల్ని అల్లవరం దాకా నెడుతుంది.

మ్యాప్ పుంతలను (పొలాల మధ్య బాటలను) కూడా రోడ్లుగానే చూపిస్తుంది. ఉపగ్రహ చిత్రంలో బూడిద రంగు గీత అయితే తారో సిమెంటో, గోధుమ రంగు గీత అయితే మట్టి. తడి బంకమట్టి చక్రానికీ బ్రేకుకీ మధ్య ఇరుక్కుని చక్రాన్ని తిరగనివ్వదు, పుల్లతో గీకితే తప్ప రాదు. నదిని అడ్డంగా దాటే చుక్కల గీత కనిపిస్తే అది పంటు, అంటే జనాన్నీ బండ్లనూ ఏరు దాటించే పడవ. సఖినేటిపల్లి–నరసాపురం దగ్గర వశిష్ఠ పాయ మీద సైకిలుతో పంటు ఎక్కడం బాగుంటుంది. కానీ నీటిమట్టాన్ని బట్టి ఆగిపోతుంది కాబట్టి గంటల లెక్కతో నడిచే రోజులో పెట్టుకోవద్దు.

3. గంటలు వేసుకోండి

ఊళ్లలో సగటున గంటకు 18 కిలోమీటర్లు చాలు. ఆరుంబావుకల్లా కదలండి. డిసెంబరు, జనవరిల్లో అప్పటికి మంచు పట్టి ఉంటుంది, ముందూ వెనకా లైట్లు వెలిగించాల్సిందే. ఏడున్నరకి గన్నవరంలో టిఫిన్. అక్కడ 1850ల్లో కట్టిన పాత అక్విడెక్టును చూడటానికి పది నిమిషాలు కేటాయించండి: నది మీదుగా కాలువను పారించడానికి కట్టింది అది. కొత్తదానికి అడిగినవాళ్లకల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. తొమ్మిదికి అప్పనపల్లి, తొమ్మిదిన్నరకి పాశర్లపూడి వంతెన, పదకొండు లోపు ఓడలరేవు.

పాశర్లపూడి దగ్గర కాసేపు జాతీయ రహదారి 216 మీద తొక్కాలి. లారీలు ఎక్కువ, వంతెన మీద పక్కగాలి కొడుతుంది. ఒకరి వెనక ఒకరు వెళ్లండి. వంతెన అతుకుల ఇనుప పట్టీలను అడ్డంగా, నిటారుగా దాటండి. ఏటవాలుగా వస్తే సన్నటి టైరు సందులో దిగుతుంది.

4. టైర్లు, సామాను

28 నుంచి 32 మిల్లీమీటర్ల టైర్లు వాడండి. 70 కిలోల మనిషికి 28 టైరులో గాలి ఒత్తిడి వెనక 75, ముందు 70 పీఎస్ఐ సరిపోతుంది, 32 అయితే 60 చాలు. గాలి తక్కువైతే గుంత అంచుకు తగిలి రిమ్ము ట్యూబును నొక్కేస్తుంది, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ఒక్కటే చిల్లు ఉంటే ముల్లు. తుమ్మముల్లు టైరులోనే విరిగి ఉంటుంది. కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపల వేలితో మెల్లగా తడిమి దాన్ని తీయకపోతే అయిదు నిమిషాల్లో మళ్లీ పంచరు.

రోడ్డు సైకిల్ ట్యూబులు పల్లెల్లో దొరకవు, రెండు పట్టుకెళ్లండి. పంచరు షాపు కంప్రెసరు గొట్టం ఈ ట్యూబులకుండే సన్నటి ప్రెస్టా వాల్వుకు (గాలి కొట్టే ముక్కుకు) పట్టదు. వేలెడంత కూడా లేని ఇత్తడి అడాప్టరు జేబులో ఉంటే ఏ షాపులోనైనా గాలి కొట్టించుకోవచ్చు. టైరు లివర్లు, చేతి పంపు, చైను లింకు, అలెన్ కీలు ఎలాగూ ఉండాలి. సైకిలు పూర్తిగా మొరాయిస్తే ట్రక్కు ఆటో మాట్లాడుకోవడమే, అమలాపురానికి ఇంకా రైలు రాలేదు.

5. రోడ్డు మీద ధాన్యం

కోతల కాలంలో రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోసి ఉంటుంది. పైకి పలచగా కనిపిస్తుంది గానీ గింజలు చక్రం కింద గోలీల్లా దొర్లుతాయి, బ్రేకు వేశారో పడ్డట్టే. అయినా పడతామన్న భయం తర్వాతి సంగతి, అది ఒక రైతు ఆర్నెల్ల కష్టం. మిగిలిన సగంలో ఎదురుగా బండి వస్తుంటే ఆగండి, దిగి నడిపించండి, గింజల మీదుగా మాత్రం తొక్కొద్దు. బాతుల మంద అడ్డొచ్చినా ఆగడమే, బెల్లు కొడితే చెదిరిపోయి కాపరికి పని పెరుగుతుంది.

అల్లవరం మండలంలో రొయ్యల చెరువుల లారీల నుంచి నీళ్లు కారి రోడ్డు తడిగా ఉంటుంది. మలుపులో వాలకండి.

6. నీళ్లు, తిండి

కొబ్బరి బొండాలు అడుగడుగునా దొరుకుతాయి, తాగండి. అయితే వాటిలో పొటాషియం ఉంటుంది గానీ చెమటలో పోయే ఉప్పుకు సరిపడా సోడియం ఉండదు. బొండాల మీదే ఆధారపడితే చివరి 20 కిలోమీటర్లలో పిక్కలు పట్టేయొచ్చు. లీటరు నీటికి ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపిన సీసా ఒకటి, మంచినీళ్ల సీసా ఒకటి ఉంచుకోండి. తీరానికి దగ్గరయ్యే కొద్దీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి బోడసకుర్రులోనే రెండూ నింపుకోవాలి.

ఓడలరేవులో సైకిలును ఇసుకలోకి దించకండి, రోడ్డు చివరే తాళం వేసి నడిచి వెళ్లండి. ఇంటికి చేరిన సాయంత్రమే చైనును మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, లింకుకు ఒక చుక్క చొప్పున నూనె వేయండి. ఉప్పుగాలికి తెల్లారేసరికే తుప్పు మొదలవుతుంది.