పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళతో నడక ఫుట్‌బాల్ ఆడించడం ఎలా?

మా నాన్నగారు గుమ్మం దగ్గరికి రాగానే పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతారు. ఆయనకు పార్కిన్సన్స్, అంటే కదలికలు నెమ్మదించి ఒళ్ళు బిగుసుకుపోయే మెదడు జబ్బు. ఒకరోజు అలా ఆగినప్పుడు మా అబ్బాయి బంతి దొర్లుకుంటూ ఆయన కాళ్ళ ముందుకొచ్చింది. ఆయన దాన్ని తన్నేశారు! ఆ ఊపులోనే రెండడుగులు వేసి హాల్లోకి వచ్చేశారు. తనంతట తాను కదలని కాలు, ఎదురుగా ఏదైనా కనబడితే కదలడం ఈ జబ్బులో ఉన్నదేనని డాక్టరుగారు చెప్పారు. ఈ ఆట మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

నడక ఫుట్‌బాల్ 2011లో ఇంగ్లండ్‌లోని చెస్టర్‌ఫీల్డ్‌లో పెద్దవయసు వాళ్ళ కోసం మొదలైంది. పరుగెత్తకూడదు, ఎప్పుడూ ఒక పాదం నేల మీదే ఉండాలి. ఇప్పుడు అక్కడ పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళూ జట్లు కట్టి ఆడుతున్నారు. ఆరుగురు దొరికితే మనమూ మొదలుపెట్టొచ్చు.

ముందు ఒక్కొక్కరూ తమ న్యూరాలజిస్టును అడగాలి. తరచూ పడిపోతున్నవాళ్ళను, తోడు లేకుండా నిలబడలేనివాళ్ళను ఈ ఆటలో నిలబెట్టొద్దు. వాళ్ళను చేతుల కుర్చీల్లో గుండ్రంగా కూర్చోబెట్టి బెలూన్‌తో వాలీబాల్ ఆడించండి.

తర్వాత టైమ్ కుదర్చాలి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఈ జబ్బుకు వాడే లెవోడోపా మాత్ర పనిచేస్తున్నంతసేపు ఒళ్ళు మాట వింటుంది, దాని ప్రభావం తగ్గితే బిగుసుకుపోతుంది. మాత్ర వేసుకున్న ఎంతసేపటికి కదలిక తేలికవుతోందో, ఎంతసేపు అలా ఉంటోందో అందరినీ వారం రోజులు రాసి పెట్టుకోమనండి. చాలామందికి అరగంట నుంచి గంట పడుతుంది. పెసరట్టు, గుడ్డు లాంటి మాంసకృత్తులున్న టిఫిన్‌తో కలిపి వేసుకుంటే కొందరికి ఇంకా ఆలస్యమవుతుంది. అందరికీ ఒళ్ళు తేలిగ్గా ఉండే వేళనే ఆటకు పెట్టుకోండి. ఆట కోసం మాత్ర టైమ్ మార్చొద్దు.

ఎత్తుగా పెరిగిన గడ్డిలో కాలు తట్టుకుంటుంది, సిమెంటు మీద పడితే గట్టి దెబ్బ తగులుతుంది. గంటల లెక్కన అద్దెకిచ్చే బాక్స్ క్రికెట్ టర్ఫ్ మేలు. చుట్టూ వల ఉంటుంది కాబట్టి బంతి కోసం వంగి వెతకక్కర్లేదు. ఎక్కువ ఎగరని ఫుట్సాల్ బంతి తీసుకోండి. చెప్పులు వద్దు, వెల్క్రో పట్టీల బూట్లు వేసుకోవాలి. జట్ల చొక్కాల రంగులు దూరం నుంచే తేడా తెలియాలి, ఈ జబ్బులో దగ్గర దగ్గర రంగులను పోల్చుకోవడం కష్టమవుతుంది.

ఇక నియమాలు. జట్టుకు ముగ్గురు, గోల్‌కీపర్ ఉండరు. ఒంటికి ఒళ్ళు తగలకూడదు, బంతిని తలతో కొట్టకూడదు, అది మోకాలి ఎత్తు దాటితే ఆట ఆపాలి. వెనక్కి నడవడం పూర్తిగా నిషేధం. బంతి వెనక్కి వెళ్ళిందని ఉన్నచోటే గిర్రున తిరిగితే కాళ్ళు మెలిపడతాయి. బండి యూ టర్న్ తీసుకున్నట్టు నాలుగైదు అడుగుల్లో వెడల్పుగా తిరగాలి. వార్మప్‌లో బంతి లేకుండా దీన్నే పదిసార్లు చేయించండి. బంతి ఇచ్చేముందు అవతలివాళ్ళ పేరు గట్టిగా పిలవాలి. పార్కిన్సన్స్‌లో గొంతు సన్నబడుతుంది కదా, అలా పిలవడం గొంతుకూ మంచిదే.

ఎవరైనా ఆగిపోతే విజిల్ వేసి ఆట మొత్తం ఆపండి. కంగారులో చెయ్యి పట్టుకుని లాగుతాం, నేనూ లాగాను. అలా లాగితే ఒళ్ళు ముందుకొచ్చి పాదాలు అక్కడే ఉండిపోతాయి, మనిషి పడిపోతారు. "ఆగండి నాన్నా, ఊపిరి తీసుకోండి" అని చెప్పి, బరువును కుడికాలి మీదికి, ఎడమకాలి మీదికి మార్చమనండి. అప్పటికీ కదలకపోతే మీ పాదం ఆయన పాదానికి అడ్డంగా పెట్టి "దీన్ని దాటండి" అనండి. చాలాసార్లు దాటేస్తారు. మేం టర్ఫ్ మీద అడుగుకో తెల్ల టేపు కూడా అతికించాం, ఆ గీతలను చూస్తూ దాటడం వాళ్ళకు తేలిక.

ఐదు నిమిషాలు ఆట, ఐదు నిమిషాలు కుర్చీలో విశ్రాంతి, ఇలా నాలుగుసార్లు చాలు. కుర్చీలోంచి ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కళ్ళు తిరగొచ్చు. నీళ్ళు తాగించి మెల్లగా లేపండి. ఇంటివాళ్ళలో ఇద్దరు, ఆటగాళ్ళకు కొంచెం వెనగ్గా, పక్కన నడుస్తూ ఉండాలి.

ఆట అయ్యాక అందరూ కూర్చుని కబుర్లలో పడతారు, లేవమన్నా లేవరు. తర్వాతి మాత్ర వేళకు ఎవరో ఒకరి ఫోన్లో అలారం పెట్టి ఉంచండి.