పెద్దల నోట విశాఖ – పాఠం 4: ఏ సంవత్సరమని అడగొద్దు

గత పాఠంలో ఫోను ఎక్కడ పెట్టాలో, మాట రికార్డవుతున్నంతసేపూ ఫ్యాను ఎందుకు ఆపాలో చూశాం. ఈసారి రికార్డయిన మాటకి కాలం కట్టడం నేర్చుకుందాం.

"మీరు మల్కాపురం ఏ సంవత్సరంలో వచ్చారు?" అని అడిగితే పెద్దావిడ "ఏమో బాబూ" అని ఊరుకుంటుంది. లేదా మిమ్మల్ని ఉత్త చేతులతో పంపడం ఇష్టంలేక నోటికొచ్చిన అంకె ఒకటి చెబుతుంది. ఈ రెండోదే ఎక్కువ నష్టం. మీరు దాన్ని రాసుకుంటారు, తర్వాత మార్చబుద్ధి కాదు.

ఇలా అడిగి చూడండి. ఇది పాఠం కోసం అల్లిన సంభాషణ:

"మామ్మా, మల్కాపురం వచ్చేసరికి పెద్దమావయ్య పుట్టేడా?"
"పుట్టేడు. సంకనుండేవోడు."
"అప్పటికి కాల్టెక్స్ ఉందా?"
"ఉంది. మీ తాత అందులోకే గదా పనికొచ్చినాడు."
"మరి ఉక్కు గొడవలప్పుడు మావయ్య ఎంతున్నాడు?"
"బడికెళ్తన్నాడు. బడి మూసీసినారని పరిగెత్తుకుంటా ఇంటికొచ్చీసినాడు."

ఇప్పుడు లెక్క కట్టండి. ఉక్కు ఉద్యమం ముదిరి విశాఖలో కాల్పులు జరిగింది 1966 నవంబరు 1న. అప్పటికి బడికెళ్తున్న పిల్లాడికి అయిదు నుంచి పదేళ్ళు అనుకుంటే పుట్టింది 1956కీ 61కీ మధ్య. చంకలో ఉండగా వచ్చారు కాబట్టి రాక 1963 దాటదు. కాల్టెక్స్ రిఫైనరీ మొదలైంది 1957లో. అంటే 1957–63 మధ్య. మీ నోటుబుక్కులో ఇలాగే రాయండి. మధ్యలో ఒక సంవత్సరం ఎంచుకుని దాన్నే ఖాయం చెయ్యొద్దు.

వరస గమనించారా? ముందు ఇంటి సంగతి, ఆ తర్వాతే ఊరి సంగతి. కాన్పు, పెళ్ళి, కొత్త గది వేసుకోవడం లాంటివి మనిషి ఎప్పటికీ మరవరు. ఊరి సంగతుల తేదీలు మీ దగ్గర ఉంటే చాలు, వాళ్ళకి గుర్తుండక్కర్లేదు. విశాఖకి నేను వాడేవి ఇవి: 1933లో హార్బరు ప్రారంభం, 1942 ఏప్రిల్ 6న జపాను బాంబులు, 1948 మార్చిలో నెహ్రూ వచ్చి 'జల ఉష' ఓడని నీళ్ళలోకి దింపడం, 1971 జనవరిలో స్టీల్ ప్లాంటు శంకుస్థాపన, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్. చివరిది మరీ దగ్గరిదే అయినా, ఎగిరిపోయిన రేకులూ కూలిన చెట్లూ లెక్క చెప్పడంతో మొదలుపెట్టిన మనిషి అక్కడినుంచి ఎంత వెనక్కైనా వెళ్తారు.

ఇప్పుడు అసలు చిక్కు. "యుద్ధం రోజుల్లో దీపాలార్పీసి కూకునేవోళ్ళం" అంటారు. ఏ యుద్ధం? 1942లో బాంబులు పడ్డాక జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్ళకి వెళ్ళిపోయారు, పట్నం సగం ఖాళీ అయింది. 1971 డిసెంబరులోనూ చీకటి రాత్రులే. 3వ తేదీ అర్ధరాత్రి ప్రాంతంలో పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మన హార్బరు బయటే మునిగింది. సముద్రం వైపు నుంచి పెద్ద చప్పుడు విన్నామని చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఈ రెండింటినీ విడదీయడానికి నెల అడగండి, అదీ పండగల లెక్కలో. 1971 యుద్ధం మొత్తం మార్గశిరంలోనే నడిచింది. ఆ నెలలో వచ్చే లక్ష్మివారాలు, అంటే గురువారాలు, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి పండగ రోజులు. "బురుజుపేట అమ్మోరి లక్ష్మివారాలప్పుడే" అన్నారంటే ఇక అనుమానం అక్కర్లేదు. వేసవి, ఉక్క, బళ్ళు కట్టుకుని ఊరు వదలడం వినిపిస్తే 1942.

అయితే 1942 కథ చెప్పేవారి వయసు కూడా చూడాలి. ఇప్పుడు ఎనభై ఏళ్ళున్నవాళ్ళు అప్పటికి పుట్టనే లేదు. అయినా విమానాలు తమ తలమీదనుంచే వెళ్ళినట్టు చెబుతారు. అది అబద్ధమేం కాదు, అమ్మ నోట అన్నిసార్లు విన్నదే కళ్ళముందు నిలిచిపోయింది. "మీరు చూశారా?" అని నిలదీస్తే చిన్నబుచ్చుకుంటారు. "ఇది మీ ఇంట్లో ఎవరు చెప్పేవారు?" అనండి చాలు. పక్కన 'విన్నది' అని రాసుకోండి. నా మటుకు నాకు అలా విన్నవే ఎక్కువ ఇష్టం. ఓ ఇంట్లో భయం ఎలా చేతులు మారిందో అందులో కనిపిస్తుంది.

పాత పేర్లని మాత్రం సాక్ష్యంగా తీసుకోకండి. "వాల్తేరు స్టేషన్లో దిగేం" అన్నంత మాత్రాన అది 1987లో పేరు మారకముందు జరిగినట్టు కాదు. షిప్‌యార్డు సింధియా కంపెనీ చేతినుంచి 1952లోనే పోయింది, బస్సు కండక్టరు ఈరోజుకీ "సింధియా, సింధియా" అనే అరుస్తాడు.

అభ్యాసం: ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరిని ఎంచుకుని, వాళ్ళింటికి మొదటిసారి కరెంటు వచ్చిన కాలాన్ని పట్టుకోండి. సంవత్సరం అన్న మాట మీ నోట రాకూడదు. ఇంటి సంగతులు మూడు, ఊరి సంగతులు రెండు వాడండి. లెక్క పదేళ్ళకంటే వెడల్పుగా వస్తే ఇంకో ఇంటి సంగతి అడగండి. ఇద్దరు పెద్దవాళ్ళు పక్కపక్కన కూర్చుని ఒకరినొకరు "కాదెహే" అని దిద్దుకోవడం మొదలుపెడితే ఆపకండి, రికార్డు నడవనివ్వండి. అలాంటి వాదన రాసుకునే పద్ధతి 5వ పాఠంలో.